క్లెయిమ్‌కు చెక్కుబంది: పేటెంట్ దరఖాస్తులో అస్పష్టమైన మాటలు ఏరేయడం ఎలా

పొలం దస్తావేజు చివర చెక్కుబంది ఉంటుంది. తూర్పున ఫలానావారి చేను, పడమర పుంత, దక్షిణాన డొంక, ఉత్తరాన చెరువుగట్టు. ముందు పేజీల్లో ఎంత వర్ణన ఉన్నా, గొడవొచ్చిన రోజు సర్వేయరు చదివేది ఆ నాలుగు లైన్లే. పేటెంట్ దరఖాస్తులో క్లెయిమ్‌లది, అంటే ఎంతమేరకు హక్కు కావాలో చెప్పే వాక్యాలది, అదే స్థానం. "ఉత్తరాన పెద్ద చింతచెట్టు" అని రాసుకుంటే, గాలివానకు చెట్టు పడిపోయాక హద్దు ఎక్కడో ఎవరు చెప్పాలి? క్లెయిమ్‌లో "తగినంత వేడి" అని రాసినా అదే పరిస్థితి.

1970 నాటి పేటెంట్ల చట్టం సెక్షన్ 10(5) ప్రకారం క్లెయిమ్‌లు స్పష్టంగా, క్లుప్తంగా ఉండాలి, స్పెసిఫికేషన్‌లో, అంటే ఆవిష్కరణను వివరించే పత్రంలో, వెల్లడించిన విషయం మీద ఆధారపడి ఉండాలి. అలా లేకపోతే తొలి పరీక్షా నివేదికలో, అందరూ ఎఫ్‌ఈఆర్ అనేదానిలో, "క్లారిటీ అండ్ కన్సైజ్‌నెస్" అనే శీర్షిక కింద అభ్యంతరం వస్తుంది. దరఖాస్తును పరీక్షించే ఎగ్జామినర్ కళ్లు గప్పి పేటెంటు తెచ్చుకున్నా ముప్పు పోదు. క్లెయిమ్ పరిధి స్పష్టంగా నిర్వచించలేదన్న కారణంతోనే పేటెంటు రద్దు కోరే వీలు సెక్షన్ 64లో ఉంది.

మన పేటెంట్ ఆఫీసులో దరఖాస్తు హిందీలో గానీ ఇంగ్లిష్‌లో గానీ ఇవ్వాలి. తెలుగువాళ్లు దాదాపు అందరూ ఇంగ్లిష్‌లోనే రాస్తారు. తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు దొర్లే తప్పులు కొన్ని ప్రత్యేకంగా ఉంటాయి. ఇక్కడ వాటికే ఎక్కువ చోటు ఇచ్చాం.

పని మొదలుపెట్టడానికి ఒక చెడ్డ క్లెయిమ్

మిర్చి ఆరబెట్టే యంత్రం ఒకటి తయారుచేశారనుకుందాం. మొదటి ముసాయిదా సాధారణంగా ఇలా ఉంటుంది:

"మిర్చిని తగినంత వేడిలో ఆరబెట్టే యంత్రం, అందులో గది, ట్రేలు, ఫ్యాను, తేమ సెన్సరు మరియు/లేదా ఉష్ణోగ్రత సెన్సరు ఉంటాయి, తేమ సుమారు 10 శాతానికి రాగానే ఆ కంట్రోలరు ఆపేస్తుంది, దీనివల్ల కాయ రంగు బాగా నిలుస్తుంది."

చదవడానికి బాగానే ఉంది. మీ యంత్రం చూసినవాళ్లకు అర్థమవుతుంది కూడా. చిక్కంతా అక్కడే. క్లెయిమ్ చదివే ఎగ్జామినర్, పోటీదారు, జడ్జి, ఈ ముగ్గురిలో ఎవరూ మీ యంత్రం చూసి ఉండరు.

1. ముందు భాగాల పట్టిక వేయండి

క్లెయిమ్ రాయకముందే ఒక కాగితం మీద యంత్రంలోని భాగాలకు పేరు, నంబరు ఇవ్వండి. గది 10, గాలి లోపలికొచ్చే ద్వారం 11, బయటికెళ్లే ద్వారం 12, ట్రే 20, ఫ్యాను 30, హీటరు 40, బరువు కొలిచే లోడ్‌సెల్ 50, కంట్రోలరు 60. ఒక భాగానికి ఒకే పేరు. వివరణలో ఒకచోట "చాంబర్", ఇంకోచోట "క్యాబినెట్", క్లెయిమ్‌లో "హౌసింగ్" అని రాస్తే అవి మూడు వేర్వేరు వస్తువులని ఎగ్జామినర్ అనుకుంటారు, అనుకోవడం న్యాయమే. స్కూల్లో వ్యాసం రాసేటప్పుడు ఒకే మాట తిప్పి తిప్పి వాడొద్దని నేర్పారు కదా, ఆ అలవాటు ఇక్కడ వదిలేయండి. అదే మాట ఇరవైసార్లు వచ్చినా ఫర్వాలేదు.

డ్రాయింగులు ఉంటే ఈ నంబర్లే వాటిలోనూ, వివరణలోనూ, క్లెయిమ్‌లో బ్రాకెట్లలోనూ కనిపించాలి.

2. "ఎ", "ద" జత కుదర్చండి

తెలుగులో ఆర్టికల్స్ లేవు. "ఫ్యాను గాలిని తోస్తుంది" అంటే ఏ ఫ్యానో సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది. ఇంగ్లిష్ క్లెయిమ్‌లో అలా కుదరదు. ఒక భాగం మొదటిసారి వచ్చినప్పుడు "ఎ" లేదా "యాన్", తర్వాత ప్రతిసారీ "ద" లేదా "సెడ్". పరిచయం చేయకుండానే "ద కంట్రోలర్" అని రాస్తే, ఏ కంట్రోలర్ అని మొదటి అభ్యంతరం వస్తుంది. పై చెడ్డ క్లెయిమ్‌లో "ఆ కంట్రోలరు" చేసిన తప్పు అదే. దీనికి తలకిందుల తప్పు ఇంకా ప్రమాదం. ఒకసారి పరిచయమైన ఫ్యానును మళ్లీ "ఎ ఫ్యాన్" అంటే రెండో ఫ్యాను ఉన్నట్టు లెక్క. అప్పుడు ఒకే ఫ్యాను వాడిన పోటీదారు మీ హద్దు బయట హాయిగా ఉంటాడు.

దీన్ని కంటితో చూసి పట్టుకోవడం కష్టం. క్లెయిమ్ ప్రింటు తీసి, ప్రతి భాగం మొదటి ప్రస్తావన కింద ఎర్ర పెన్నుతో, తర్వాతి ప్రస్తావనల కింద నీలి పెన్నుతో గీత గీయండి. ప్రతి నీలి గీతకూ పైన ఎక్కడో ఒక్క ఎర్ర గీత ఉండాలి. రెండు ఎర్ర గీతలున్నా తప్పే, ఒక్కటీ లేకపోయినా తప్పే.

ఏకవచనం, బహువచనం కూడా ఇక్కడే చూసుకోండి. "కనీసం రెండు ట్రేలు" అని మొదలుపెట్టి తర్వాత "ద ట్రే" అంటే ఏ ట్రే? "ఆ ట్రేలలో ఒకటి" అనో, "ప్రతి ట్రే" అనో తేల్చాలి.

3. భాగాలను ఒకదానితో ఒకటి కట్టండి

గది, ట్రేలు, ఫ్యాను, సెన్సరు అని వరసగా రాస్తే అది సామాన్ల జాబితా. ఫ్యాను గదిలో ఉందా, బయట ఉందా? గాలి ట్రేల మీదుగా పోతుందా, ట్రేల అడుగు రంధ్రాల గుండా పోతుందా? ప్రతి భాగానికీ "ఎక్కడ ఉంది, దేనికి తగిలి ఉంది, ఏం చేస్తుంది" అనే మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. మీ కొత్తదనం ఏ భాగంలో ఉందో అక్కడ వివరంగా, మిగతాచోట్ల తేలిగ్గా. తలుపు బోల్టులు ఎన్నో క్లెయిమ్ 1లో అక్కర్లేదు.

"ప్రాసెసింగ్ యూనిట్", "కంట్రోల్ మాడ్యూల్", "అనుసంధాన వ్యవస్థ" లాంటి మాటలు పెట్టి ఊరుకుంటే అవి ఖాళీ డబ్బాలే. ఆ డబ్బాలో ఏముందో వివరణలో అయినా ఉండాలి.

4. కొలతలు: ఐదు ప్రశ్నలు

అన్నిటికంటే ఎక్కువ దరఖాస్తులు ఇక్కడే దెబ్బతింటాయి, కాబట్టి నిదానంగా చూద్దాం. క్లెయిమ్‌లో అంకె కనిపించిన ప్రతిచోటా అడగండి: దేన్ని కొలిచారు, ఏ ప్రాతిపదికన, ఏ పద్ధతిలో, ఏ చోట, ఏ క్షణాన?

"తేమ 10 శాతం" తీసుకోండి. మొదటి అనుమానం, అది కాయలో తేమా, గదిలోని గాలి తేమా? కాయలోనిదే అనుకుందాం. తేమ శాతాన్ని రెండు రకాలుగా లెక్కిస్తారు. మొత్తం బరువులో నీళ్లెంత అనేది తడి ప్రాతిపదిక. ఎండు పదార్థం బరువుతో పోలిస్తే నీళ్లెంత అనేది పొడి ప్రాతిపదిక. ట్రేలో 10 కిలోల పచ్చి కాయ పోశారు, తడి ప్రాతిపదికన 75 శాతం తేమ. అంటే నీళ్లు 7.5 కిలోలు, ఎండు పదార్థం 2.5 కిలోలు. అదే కాయకు పొడి ప్రాతిపదికన తేమ 300 శాతం. ఇక 10 శాతానికి ఆరబెట్టాక ట్రే బరువెంత ఉండాలి? తడి లెక్కలో 2.5ను 0.9తో భాగిస్తే సుమారు 2.78 కిలోలు. పొడి లెక్కలో 2.75 కిలోలు. తేడా 28 గ్రాములే.

ఆ 28 గ్రాములే కోర్టుకెక్కుతాయి. క్లెయిమ్‌లో "10 శాతం లేదా అంతకంటే తక్కువ తేమకు రాగానే హీటరు ఆగుతుంది" అని ఉంది, ప్రాతిపదిక రాయలేదు. పోటీదారు యంత్రం తడి లెక్కలో 9.5 శాతం దగ్గర ఆగుతుంది. మీరు అతను హద్దులోకి వచ్చాడంటారు. అతను పొడి లెక్క తీసి, నాది 10.5 శాతం, హద్దు బయటే ఉన్నానంటాడు. ఇద్దరి లెక్కా కరెక్టే. క్లెయిమే తప్పు.

ఇది ఊహాజనితమైన గొడవ కాదు. ఎమ్‌ఎస్ అనే నరాల జబ్బుకు వాడే కోపాక్సోన్ మందు మీద అమెరికాలో జరిగిన టెవా, శాండోజ్ కంపెనీల కేసు మొత్తం ఇలాంటి మాట చుట్టూనే తిరిగింది. క్లెయిమ్‌లో "అణుభారం 5 నుంచి 9 కిలోడాల్టన్లు" అని ఉంది. ఆ మందు రకరకాల పొడవున్న గొలుసు అణువుల పదార్థం, అంటే పాలిమర్. పాలిమర్‌కు సగటు అణుభారం లెక్కించే తీర్లు ఒకటికి మించి ఉన్నాయి, ఆ కేసులో మూడు చర్చకొచ్చాయి. ఏ సగటో క్లెయిమ్ చెప్పలేదు. 2015లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి వెనక్కి వచ్చాక, అదే ఏడాది అప్పీలు కోర్టు ఆ క్లెయిమ్ అస్పష్టమని తేల్చింది. టెవాకు ఎదురు నిలబడ్డ కంపెనీల్లో మన హైదరాబాద్ నాట్కో కూడా ఉంది.

ఉష్ణోగ్రతకు ఇంకో ఉచ్చు ఉంది. "కాయలను 60 డిగ్రీలకు వేడిచేయడం" వేరు, "60 డిగ్రీల గాలిలో కాయలను ఆరబెట్టడం" వేరు. ఇంగ్లిష్‌లో ఆ తేడా "టు", "ఎట్" అనే చిన్న మాటల్లో ఉంటుంది. 2004లో అమెరికాలో షెఫ్ అమెరికా, ల్యాంబ్ వెస్టన్ కేసులో పిండిని 400 నుంచి 850 ఫారెన్‌హీట్ డిగ్రీల "ఉష్ణోగ్రతకు" వేడిచేయడం అని క్లెయిమ్‌లో ఉంది. ఓవెన్ అంత వేడిగా ఉండాలన్నది రాసినవాళ్ల ఉద్దేశం. కోర్టు మాత్రం రాసింది రాసినట్టే చదివింది: పిండే ఆ వేడికి రావాలి. అంత వేడికొస్తే అది మాడి బొగ్గవుతుంది, అయినా సరే క్లెయిమ్‌ను తిరగరాసే పని మాది కాదంది. పేటెంటు యజమాని ఓడిపోయాడు. అందుకే మన యంత్రంలో గాలి వేడి చెప్పాల్సి వస్తే "అడుగు ట్రేకు 5 సెంటీమీటర్ల కింద కొలిచిన గాలి ఉష్ణోగ్రత 50 నుంచి 60 డిగ్రీల సెంటీగ్రేడ్" అని రాయాలి.

కొలిచే పద్ధతి క్లెయిమ్‌లో పట్టకపోతే వివరణలో పూర్తిగా ఇవ్వండి. ఓవెన్ పద్ధతా, మీటరా, ఎంత నమూనా, ఎన్ని గంటలు, ఏ వేడి. ఏదైనా ప్రమాణం పేరు చెబితే దాని నంబరుతోపాటు సంవత్సరం కూడా రాయండి, ప్రమాణాలు మారుతుంటాయి.

5. జారిపోయే మాటలు వెతకండి

కంప్యూటర్లో ఫైండ్ నొక్కి ఈ మాటలు ఒక్కొక్కటే వెతకండి: సూటబుల్, సఫిషియంట్, హై, లో, థిన్, లార్జ్, ఎఫిషియంట్, అబౌట్, సబ్‌స్టాన్షియల్లీ, ప్రిఫరబ్లీ, సచ్ యాజ్, ఎట్‌సెట్రా.

"తగినంత వేడి"కి బదులు అంకె. "పల్చని రేకు"కు బదులు మందం ఎన్ని మిల్లీమీటర్లో. "ప్రిఫరబ్లీ", "సచ్ యాజ్" వచ్చాయంటే ఆ తర్వాతిది హద్దులో భాగమా కాదా అన్నది తేలదు. దాన్ని తీసి కింద ఆధారిత క్లెయిమ్‌గా, అంటే క్లెయిమ్ 1 మీద ఆధారపడే వేరే క్లెయిమ్‌గా, పెట్టండి. "అబౌట్ 10 శాతం" అంటే 9.5 వస్తుందా, 8.5 వస్తుందా? మీకు కావలసింది 9 నుంచి 11 అయితే అదే రాసేయండి. "సబ్‌స్టాన్షియల్లీ సమాంతరంగా" లాంటివి యంత్రభాగాల్లో కొన్నిసార్లు తప్పవు. అప్పుడు ఎన్ని డిగ్రీల తేడా వరకు సమాంతరం అంటారో వివరణలో ఒక వాక్యం ఉండాలి.

అభిరుచి మాటలు అసలు వద్దు. "కంటికి ఇంపుగా ఉండే" తెర అని రాసుకున్న ఒక సాఫ్ట్‌వేర్ పేటెంటును 2005లో డేటమైజ్ కేసులో అమెరికా కోర్టు అస్పష్టమని కొట్టేసింది. ఎవరి కంటికి? మన "రంగు బాగా నిలుస్తుంది" కూడా ఆ బాపతే. పైగా అది ఫలితం. ఫలితాన్ని క్లెయిమ్ చేస్తే, అది ఎలా సాధించారో చెప్పకుండా హక్కు అడిగినట్టు. వివరణలోకి పంపండి. అక్కడ రంగు విలువలు ఆరబెట్టక ముందూ తర్వాతా పట్టిక వేసి చూపిస్తే, కొత్తదనం వాదించేటప్పుడు పనికొస్తుంది.

బ్రాండు పేర్లు కూడా జారిపోయేవే. టెఫ్లాన్ అనకుండా పాలీటెట్రాఫ్లోరోఎథిలిన్ అనండి. కంపెనీ తన సరుకు కూర్పు మారిస్తే మీ హద్దు కూడా మారిపోతుంది.

6. "మరియు", "లేదా", "ఉండు"

"మరియు/లేదా" క్లెయిమ్‌లో పెట్టకండి. తేమ సెన్సరు చాలా, రెండూ కావాలా, తేల్చండి. రెండిట్లో ఏదున్నా చాలు అనుకుంటే ఆ సంగతి వివరణలో కూడా ఉండాలి. "ఎట్ లీస్ట్ వన్ ఆఫ్ ఎ, బి అండ్ సి" అనే వాడుక ఇంకా మోసం చేస్తుంది. మూడింట్లో ఏదో ఒకటి అని రాసినవాళ్ల ఉద్దేశం. 2004లో సూపర్‌గైడ్ కేసులో అమెరికా అప్పీలు కోర్టు దాన్ని ప్రతి రకంలోనూ కనీసం ఒకటి అని చదివింది. "ఎ, బి, సిలతో కూడిన సమూహం నుంచి ఎంచుకున్న ఒకటి" అన్న పద్ధతి వాడితే ఈ తకరారు రాదు.

తెలుగులో "ఇందులో ఇవి ఉంటాయి" అంటే ఇవి మాత్రమే ఉంటాయా, ఇంకేమైనా ఉండొచ్చా అన్నది తేలదు. ఇంగ్లిష్ క్లెయిమ్‌లో "కంప్రైజింగ్" అంటే ఇవి ఉండాలి, ఇంకేవి ఉన్నా ఫర్వాలేదు. "కన్సిస్టింగ్ ఆఫ్" అంటే ఇవి మాత్రమే. యంత్రానికి దాదాపు ఎప్పుడూ మొదటిదే. లేకపోతే పోటీదారు ఒక బల్బు అదనంగా తగిలించి తప్పించుకుంటాడు. శాతాల మొత్తం వందకు రావలసిన మిశ్రమాల్లో రెండోదాని అవసరం పడుతుంది. అక్కడ "కన్సిస్టింగ్" అని రాసి, శాతాలు కూడితే 97 వచ్చే క్లెయిమ్‌లు చాలానే కనిపిస్తాయి. కూడి చూసుకోండి.

7. తిరగరాసిన క్లెయిమ్

పైవన్నీ చేశాక మన క్లెయిమ్ 1 తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది:

"మిర్చి కాయలను ఆరబెట్టే పరికరం, ఇందులో ఉండేవి:
గాలి లోపలికొచ్చే ఒక ద్వారం (11), బయటికెళ్లే ఒక ద్వారం (12) గల ఒక గది (10);
ఆ గది (10)లో ఒకదానిపై ఒకటి అమర్చిన, అడుగున రంధ్రాలున్న కనీసం రెండు ట్రేలు (20);
లోపలి ద్వారం (11) నుంచి ఆ ట్రేల (20) రంధ్రాల గుండా బయటి ద్వారం (12) వైపు గాలిని నడిపే ఒక ఫ్యాను (30);
ఆ గాలిని ట్రేల (20)కు చేరకముందు వేడిచేసే ఒక హీటరు (40);
ఆ ట్రేల (20)లో ఒకదాన్ని మోస్తూ దాని బరువు కొలిచే ఒక లోడ్‌సెల్ (50);
ఆ బరువు నుంచి ఆ ట్రేలోని కాయల తేమను తడి ప్రాతిపదికన లెక్కించి, అది 10 శాతం లేదా అంతకంటే తక్కువకు రాగానే ఆ హీటరు (40)ను ఆపేలా అమర్చిన ఒక కంట్రోలరు (60)."

ఇంగ్లిష్‌లో ఇదంతా ఒకే వాక్యం, చివర ఒకే ఫుల్‌స్టాప్. బరువు నుంచి తేమ లెక్కించాలంటే మొదటి తేమ తెలియాలి, ఖాళీ ట్రే బరువు తీసేయాలి. ఆ లెక్క వివరణలో అంకెలతో సహా ఉండాలి. లేకపోతే క్లెయిమ్ స్పష్టంగానే ఉన్నా, ఎలా చేయాలో చెప్పలేదని ఇంకో అభ్యంతరం వస్తుంది.

8. ఆధారిత క్లెయిమ్‌లు

"క్లెయిమ్ 1లో చెప్పిన పరికరం, ఇందులో..." అని మొదలయ్యేవి ఇవి. ఇక్కడ తప్పులు దాదాపు అన్నీ నంబర్ల తప్పులే. క్లెయిమ్ 2లో రెండో ఫ్యానును పరిచయం చేసి, క్లెయిమ్ 5లో "ఆ రెండో ఫ్యాను" అంటూ క్లెయిమ్ 1 మీద ఆధారపడేలా రాస్తారు. మధ్యలో ఒక క్లెయిమ్ తీసేసి మిగతావాటి నంబర్లు మార్చడం మరిచిపోతారు. చివరి ముసాయిదా మీద ఒక చెట్టు బొమ్మ గీయండి, ఏది దేనికి కొమ్మో. రెండు నిమిషాల పని. క్లెయిమ్ 1 పరికరం అయితే కొమ్మల్లో "పద్ధతి" అని రాయకూడదు. ఆరబెట్టే పద్ధతికి హక్కు కావాలంటే దానికి వేరే స్వతంత్ర క్లెయిమ్ రాయాలి.

"ఇందులో వివరించి, బొమ్మల్లో చూపించినట్టి పరికరం" అనే చివరి క్లెయిమ్ పాత దరఖాస్తుల్లో కనిపిస్తుంది. నకలు చేయకండి, అభ్యంతరం తప్పదు. మొదటి 10 క్లెయిమ్‌లకు అదనపు ఫీజు లేదు. ఆపైన ఆన్‌లైన్ ఫైలింగ్‌లో ఒక్కోదానికి వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు 320 రూపాయలు, పెద్ద కంపెనీలకు 1600. క్లెయిమ్‌లు కొత్త పేజీలో "ఐ క్లెయిమ్" లేదా "వి క్లెయిమ్" అని మొదలవ్వాలి.

9. ఫైలింగ్‌కు ముందు బొమ్మ పరీక్ష

మీ యంత్రం ఎన్నడూ చూడని ఒక ఇంజనీరు చేతికి క్లెయిమ్ 1 ఒక్కటే ఇచ్చి బొమ్మ గీయమనండి. డ్రాయింగులు చూపించకండి, నోటితో ఏమీ చెప్పకండి. వాళ్లు పెన్ను ఆపి అడిగిన ప్రతి ప్రశ్నా ఎఫ్‌ఈఆర్‌లో రాబోయే అభ్యంతరమే. ఫ్యాను బయట గీశారా? అలా గీసినా మీ ఆవిష్కరణే అవుతుందంటే వదిలేయండి. కాదంటే మాట చేర్చండి. తర్వాత అదే మనిషిని, దీన్ని నకలు కొట్టి క్లెయిమ్‌కు దొరక్కుండా ఎలా తయారుచేస్తావని అడగండి. ఈ ప్రశ్నకు చాలామంది ఉత్సాహంగా జవాబిస్తారు.

10. అభ్యంతరం వచ్చాక

ఎఫ్‌ఈఆర్ వెలువడిన తేదీ నుంచి 6 నెలల్లో జవాబివ్వాలి. ఆ గడువు దాటకముందే ఫారం 4తో ఇంకో 3 నెలలు అడగొచ్చు. జవాబు ఇవ్వకపోతే దరఖాస్తు వదిలేసినట్టే.

ఇక్కడ సెక్షన్ 59 గుర్తుంచుకోండి. క్లెయిమ్‌ను కుదించవచ్చు, వివరించవచ్చు, తప్పు దిద్దవచ్చు. మొదట స్పెసిఫికేషన్‌లో లేని కొత్త విషయం చేర్చకూడదు, మునుపటి క్లెయిమ్ పరిధి దాటి పోకూడదు. "తడి ప్రాతిపదిక" అన్న మాట వివరణలో ఎక్కడా లేకపోతే ఇప్పుడు చేర్చడం కత్తి మీద సాము. ఉంటే పేజీ, లైను చూపించి చేర్చేయొచ్చు. అందుకే ఫైలింగ్ రోజే వివరణలో మెట్లు కట్టుకోవాలి: గాలి 45 నుంచి 65 డిగ్రీలు, ఇంకా మేలు 50 నుంచి 60, ఒక ఉదాహరణలో 55. పైమెట్టు జారితే కిందిమెట్టు మీద నిలబడొచ్చు.

జవాబులో "క్లెయిమ్‌లు స్పష్టంగానే ఉన్నాయి, అభ్యంతరం ఉపసంహరించగలరు" అని ఒక్క లైను రాసి పంపితే హియరింగ్‌కు పిలుపొస్తుంది. ఒక్కో అభ్యంతరాన్నీ ఉన్నదున్నట్టు ఎత్తిరాసి, దాని కింద పాత మాట, కొత్త మాట, కొత్త మాటకు ఆధారం ఏ పేజీలో ఏ లైనులో ఉందో రాయండి. మార్పులు గుర్తుపెట్టిన ప్రతి ఒకటి, శుభ్రమైన ప్రతి ఒకటి జతచేయండి. అభ్యంతరానికి కావలసినంతే జవాబివ్వండి. "మా పరికరంలో హీటరు విద్యుత్తుదే, సోలార్‌ది కాదు" అని ఎవరూ అడగకుండానే రాస్తే ఆ కాగితం ఆఫీసు వెబ్‌సైట్‌లో అందరికీ కనిపిస్తుంది. రేపు సోలార్ హీటరు పెట్టి మీ యంత్రాన్ని నకలు కొట్టినవాడు కోర్టులో మొదట తీసి చూపించేది దాన్నే.